బెంగళూరులో కొయ్య తొలిచే పెంకు పురుగుల్ని నమోదు చేయడం ఎలా? పురుగుతో కాదు, కొమ్మతో మొదలుపెట్టండి

చిన్నప్పుడు బంగారు పురుగుని అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. మా రాయలసీమలో తొలకరి జల్లులు పడ్డాక తుమ్మచెట్ల మీద కనిపించేది. పచ్చగా తళతళలాడే ఆ పురుగు బ్యూప్రెస్టిడే అనే కుటుంబానికి చెందిందని, దాని చుట్టాలు చాలావరకు బెరడు కిందా కొయ్యలోపలా పెరుగుతాయని నాకు ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాకే తెలిసింది. మా వీధిలో గాలివానకి పడిన కానుగ కొమ్మని చూస్తుంటే, బెరడు కింద నుంచి సన్నగా కరకరమని చప్పుడు వినిపించింది. లోపల ఎవరో కొరుకుతున్నారు. ఎవరో తెలుసుకోవాలనిపించింది. ఈ పని అలా మొదలైంది.

ప్రపంచంలో పొడవు మీసాల పెంకు పురుగులే 35,000 జాతులకు పైగా ఉన్నాయి. మన దేశంలోనే వాటి లెక్క 1,500 దాటింది. ఇన్ని ఉన్నా, చాలా జాతుల గురించి మనకు తెలిసింది ఎప్పుడో ఎక్కడో లైటు దగ్గరికి వచ్చి దొరికిన ఒకటి రెండు నమూనాల ద్వారానే. అది ఏ చెట్టులో పెరిగింది, ఎన్నాళ్ళు పెరిగింది, ఏ నెలలో బయటికి వస్తుంది అన్నది రాసిపెట్టినవాళ్ళు తక్కువ. ఖరీదైన పరికరాలు లేని మనలాంటివాళ్ళు నిజంగా పనికొచ్చేది సరిగ్గా అక్కడే. అందుకే నేను కొత్తవాళ్ళకి మొదట చెప్పే మాట ఇది: పురుగు కోసం తిరగకండి, కొమ్మ కోసం తిరగండి. పురుగు దానంతటదే వస్తుంది.

ముందుగా నాలుగు ముఖాలు గుర్తుపట్టండి

అన్ని జాతుల పేర్లూ మొదటే నేర్చుకోనక్కర్లేదు. నాలుగు గుంపులు తెలిస్తే మొదలుపెట్టవచ్చు.

ఒళ్ళంత పొడవో, అంతకన్నా పొడవో మీసాలుండి, ఆ మీసాల మొదలు దగ్గర కన్ను చిక్కుడు గింజలా వంపు తిరిగి ఉంటే అది సెరాంబిసిడే, పొడవు మీసాల కుటుంబం. మామిడి రైతులు కాండం తొలిచే పురుగు అని భయపడే బెటోసెరా రూఫోమాక్యులేటా ఇందులోదే. సుమారు 5 సెంటీమీటర్ల పురుగు, మెడ మీద రెండు నారింజ మచ్చలు, రెక్కల మీద మరికొన్ని. దాన్ని ఒకసారి చూస్తే మరిచిపోరు.

పడవ ఆకారం, లోహంలా మెరుపు, పొట్టి మీసాలు ఉంటే బంగారు పురుగుల కుటుంబం. పైనుంచి చూస్తే తల కనపడకుండా గరుకైన ముసుగు వేసుకున్నట్టు మెడ ముందుకు వంగి, వెనక భాగం నరికినట్టు ఉంటే బాస్ట్రిఖిడే. ఇక బియ్యపు గింజకన్నా చిన్నగా, చిన్న మేకు ముక్కలా గుండ్రంగా ఉండేవి బెరడు పురుగులు, ఆంబ్రోసియా పురుగులు. ఇవి నిజానికి ముక్కు పురుగుల కుటుంబంలోవి. ఆంబ్రోసియా పురుగుల సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అవి కొయ్యని తినవు. తమ వెంట తెచ్చుకున్న బూజుని సొరంగం గోడల మీద సాగుచేసి, ఆ పంటనే తాము తిని పిల్లలకీ పెడతాయి.

కొన్ని మోసం చేస్తాయి. వెల్లకిలా పడేస్తే టక్కుమని ఎగిరి తిరగబడేదాన్ని బంగారు పురుగనుకునే ప్రమాదం ఉంది. అది వేరే కుటుంబం. అనుమానం వస్తే పడేయకండి, దాన్నీ ఫొటో తీసి పెట్టుకోండి.

చెట్టు పేరు తప్పితే అంతా తప్పినట్టే

ఈ పనిలో పురుగు పేరు తర్వాతైనా తేల్చుకోవచ్చు, దాచిన నమూనా ఎక్కడికీ పోదు. చెట్టు మాత్రం అలా కాదు. కొమ్మ నరికి, ఆకులు ఊడ్చేశాక అది ఏ చెట్టో చెప్పడం నిపుణులకే కష్టం. అందుకే కొమ్మ తీసుకునే చోటే, ఆకు, కాయ, బెరడు, వీలైతే పువ్వు కలిపి ఫొటోలు తీయండి. ఒక రెమ్మని పాత న్యూస్‌పేపర్ మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టండి.

మనలాంటి తెలుగువాళ్ళకి బెంగళూరులో ఇంకో చిక్కు. కొమ్మలు కొట్టే పనివాళ్ళు, పార్కు మాలీలు పేర్లు కన్నడంలో చెబుతారు. హొంగె అంటే మన కానుగ. బేవు వేప, హుణసె చింత, హలసు పనస, అరళి రావి, అత్తి మేడి. జాలి అని ఒక్క మాట అంటారు గానీ, అందులో మన తుమ్మ జాతులు చాలా ఇమిడిపోతాయి. కాబట్టి నోట్‌బుక్‌లో కన్నడ పేరు, తెలుగు పేరు, శాస్త్రీయ నామం మూడూ రాయండి. శాస్త్రీయ నామం తెలియకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి. ఊహించి మాత్రం రాయకండి. లాల్‌బాగ్‌లో చాలా చెట్లకి పేర్ల పలకలు ఉంటాయి. ఒక ఆదివారం పొద్దున్న అక్కడ తిరిగి, మీ వీధిలో ఉన్న చెట్లతో పోల్చి చూసుకుంటే సగం పని అయిపోతుంది.

కొమ్మ ఎక్కడ, ఎలాంటిది

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలు వస్తాయి. తురాయి, నిద్రగన్నేరు, కానుగ కొమ్మలు రోడ్ల మీద పడతాయి. నగరపాలక సిబ్బంది వచ్చి రంపంతో కోసి, ఫుట్‌పాత్ పక్కన కుప్ప పెడతారు. కొన్ని కుప్పలు వారాల తరబడి అక్కడే ఉంటాయి. ఆ ఆలస్యం మనకి మంచిదే. కొత్తగా కోసిన కొయ్య వాసనకి ఆడ పురుగులు వచ్చి గుడ్లు పెట్టడానికి కొంత సమయం కావాలి. పడిన రోజే తెచ్చిన కొమ్మలో అప్పటికే ఉన్నవి మాత్రమే దొరుకుతాయి. రెండు మూడు వారాలు బయట ఉన్న కొమ్మ అయితే ఇంకా మేలు.

కుప్ప దగ్గర పనివాళ్ళుంటే అడిగి తీసుకోండి. రెండు కట్టెముక్కలు వద్దనేవాళ్ళు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. అయినా అడగడం మర్యాద. అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్‌కి చెప్పండి. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఉద్యానశాఖవి, అక్కడి నుంచి అనుమతి లేకుండా ఏదీ తీసుకురాకూడదు. తురహళ్ళి, బన్నేరుఘట్ట వంటి అటవీ భూముల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఫొటోల వరకు తీసుకుని తృప్తి పడండి. నగరంలోని వీధి కొమ్మలే ఒక జీవితానికి సరిపోతాయి.

బొటనవేలి లావు నుంచి మోచేతి లావు వరకు రకరకాల కొమ్మలు కావాలి. ఒకే చెట్టులో సన్నరెమ్మలో ఉండేవి వేరు, లావు కొమ్మలో ఉండేవి వేరు. బెరడు ఇంకా అంటుకుని ఉన్నది తీసుకోండి. పూర్తిగా ఎండి, బెరడు ఊడి, గుండ్రని రంధ్రాలు పడిన దాంట్లోంచి పురుగులు అప్పటికే వెళ్ళిపోయి ఉంటాయి. బెరడు పగుళ్ళలోంచి రంపపు పొట్టులాంటిది రాలుతుంటే మాత్రం వదలకండి, లోపల సంసారం నడుస్తోందని అర్థం.

వీధి చెట్లే కాదు, ఇళ్ళ ముందున్న బోగన్‌విలియా కూడా చూడండి. పచ్చగా ఉన్న కొమ్మ ఉన్నట్టుండి చివర వాడి వేలాడుతుంటే, కింద ఎవరో చాకుతో చుట్టూ గీసినట్టు గాటు ఉందేమో గమనించండి. అది స్థీనియాస్ గ్రైసేటర్ అనే పొడవు మీసాల పురుగు పని కావచ్చు. ద్రాక్ష, మల్బరీ, గులాబీలను కూడా ఇలాగే చేస్తుంది. ఆడ పురుగు రాత్రిపూట కొమ్మ చుట్టూ ఉంగరంలా కొరికి, ఆ గాటుకి పైనున్న భాగంలో గుడ్లు పెడుతుంది. ఎండిపోతున్న కొయ్యే దాని పిల్లలకి తిండి. గాటు కింద నుంచి కోసి, మొత్తం ముక్కని తెచ్చుకోండి. టెర్రస్ మీద గుమ్మడి పాదు ఉంటే, అందులో వాడిన తీగని చీల్చి చూడండి. అపోమెసైనా అనే చిన్న పురుగు తీగలోపల కూడా బతకగలదు.

డబ్బా పెట్టడం

ఇది అసలు పని. ఓపిగ్గా చదవండి.

పెయింట్ బకెట్టో, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్మో తీసుకోండి. లోపలికి వెలుతురు రాకూడదు. పలచటి బకెట్టయితే బయట నల్ల కాగితం చుట్టండి. పక్కన, అడుక్కి దగ్గరగా ఒక రంధ్రం చేసి, దానికి గాజు సీసానో గట్టి ప్లాస్టిక్ సీసానో బిగించండి. చీకటి డబ్బాలో పురుగు బయటికొచ్చాక వెలుగు కనిపించే ఒకే ఒక్క చోటు ఆ సీసా. నడుచుకుంటూ వచ్చి అందులో పడుతుంది. మూతలో గాలికోసం ఒక పెద్ద రంధ్రం చేసి, దానికి సన్నని స్టీలు జాలీ బిగించండి. గుడ్డా, దోమతెరా వద్దు. బాస్ట్రిఖిడే పురుగులు వాటిని సునాయాసంగా కొరికేస్తాయి. అట్టపెట్టె కూడా అంతే.

కొమ్మల్ని జానెడు, రెండు జానల ముక్కలుగా కోసి నిలువుగా పెట్టండి. అడుగున రెండు ఇటుక ముక్కలు వేస్తే కింద తేమ చేరదు. ఒక డబ్బాలో ఒకే చెట్టు, ఒకే చోటు, ఒకే తేదీ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఇంకో డబ్బా పెట్టండి. నేను మొదటి ఏడాది జాగా లేదని కానుగ, మేడి ముక్కల్ని ఒకే డ్రమ్ములో వేశాను. పదకొండు నెలల తర్వాత అందులోంచి నేను అప్పటికి ఎప్పుడూ చూడని ఒక పొడవు మీసాల పురుగు వచ్చింది. ఏ చెట్టుదో ఈ రోజుకీ చెప్పలేను. దాని చీటీ మీద చెట్టు పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ చూసినప్పుడల్లా బాధేస్తుంది.

డబ్బా మీద మార్కర్ పెన్నుతో నంబరు రాయండి. అదే నంబరు పెన్సిల్‌తో చీటీ మీద రాసి డబ్బా లోపల కూడా వేయండి. బయటి రాత ఎండకీ వానకీ చెరిగిపోతుంది. పెన్సిల్ రాత పోదు.

డబ్బాని నీడలో, గాలాడే చోట పెట్టండి. బాల్కనీ బాగుంటుంది. హాల్లో వద్దు. లోపల నుంచి ఒకవేళ తప్పించుకున్న పురుగులు మీ మంచాల చెక్కని, వెదురు బుట్టల్ని వెతుక్కుంటాయి, ఇంట్లోవాళ్ళకి టెన్షన్, మీకు గొడవ. చీమలు చేరకుండా, అమ్మలు పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే, డబ్బా కింద నీళ్ళు పోసిన పళ్ళెం పెట్టండి. ఆ నీళ్ళలో దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి మార్చండి. పది రోజులకోసారి కొమ్మల మీద కాస్త నీళ్ళు చిలకరించండి. మరీ ఎక్కువ చల్లితే బూజు పడుతుంది. పూర్తిగా ఎండనిస్తే లోపలి లార్వాలు చనిపోతాయి. వేలితో తాకితే చల్లగా తగలాలి, తడిగా కాదు.

సీసాని రోజూ చూడండి. వచ్చిన ప్రతి పురుగుకీ వచ్చిన తేదీ రాయండి. మొదటి వారాల్లో సాధారణంగా సన్నవి వస్తాయి: బెరడు పురుగులు, ఆంబ్రోసియా పురుగులు. తర్వాత వెనక భాగంలో రెండు ముళ్ళున్న సైనోగ్జైలాన్ లాంటి బాస్ట్రిఖిడేలు. పొడవు మీసాలవి నెలల తర్వాత వస్తాయి, కొన్ని ఏడాదికి, ఇంకొన్ని రెండేళ్ళకి. అందుకే ఆరు నెలలకి ఏమీ రాలేదని డబ్బా ఖాళీ చేయకండి. పురుగులతో పాటు సన్నని కందిరీగలు, వాటిని వేటాడి తినే వేరే పెంకు పురుగులు కూడా వస్తాయి. వాటినీ దాచండి. ఎవరు ఎవరిని తిని బతుకుతున్నారో చెప్పే సాక్ష్యం అవే.

ఒక హెచ్చరిక. బెంగళూరు కొమ్మని ఊరికి తీసుకెళ్ళకండి, ఊరి కొమ్మని ఇక్కడికి తేకండి. కొయ్య తొలిచే పురుగులు కొత్తచోట్లకి చేరేది ఎక్కువగా మనుషులు మోసిన కలప, వంటచెరకు, ప్యాకింగ్ చెక్కల వల్లే. కాయ తొలిచే దగ్గరి చుట్టం ఒకటి ఏం చేసిందో మనకి తెలుసు. కాఫీ కాయ తొలిచే పురుగు 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో మన దేశంలో మొదటిసారి కనిపించింది, 2025లో అరకు కాఫీ తోటల్లో బయటపడింది. అరబికా కాఫీకి అంతకుముందు నుంచే జైలోట్రెకస్ క్వాడ్రిపెస్ అనే కాండం తొలిచే పురుగు బెడద ఉంది. ఒక చోట ఏవి ముందునుంచీ ఉన్నాయో రాసిపెట్టి ఉంటేనే, కొత్తగా వచ్చింది ఏదో పట్టుకోగలం.

డబ్బాతో పాటు మరో మూడు దారులు

అమావాస్యకి అటూ ఇటూ, వాన కురిసి ఉక్కగా ఉన్న రాత్రి, టెర్రస్ మీద బట్టలారేసే తీగకి తెల్ల పంచె కట్టి దాని ముందు అతినీలలోహిత బల్బు పెట్టండి. ఆ బల్బు వైపు నేరుగా చూడకండి, కళ్ళకి మంచిది కాదు. ఏడు నుంచి పది వరకు కూర్చోండి. తొలివానల తర్వాత రంపం పళ్ళలాంటి మీసాలతో అకాంథోఫోరస్ సెర్రాటికార్నిస్ అనే భారీ పురుగు వస్తే ఆ రాత్రి పండగే. వేళ్ళు జాగ్రత్త, గట్టిగా కొరుకుతుంది. పక్క ఫ్లాట్లవాళ్ళకి ముందే చెప్పి, పిల్లల్ని కూడా పిలవండి.

ఎండుకొమ్మల కింద గొడుగుని తలకిందులుగా పట్టుకుని, పైన కర్రతో రెండు దెబ్బలు వేస్తే టెరోలోఫియా, సైబ్రా లాంటి చిన్న బూడిదరంగు పురుగులు గొడుగులో పడతాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చేయండి. ఎండెక్కితే పడీ పడగానే ఎగిరిపోతాయి.

ఆంబ్రోసియా పురుగులకి శానిటైజర్ సీసా. ఒత్తిడిలో ఉన్న చెట్టు, కొత్తగా నరికిన కొయ్య ఇథనాల్ వాసన విడుదల చేస్తాయి. ఈ పురుగులు ఆ వాసన పట్టుకునే వస్తాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాని తలకిందులు చేసి, పక్కన రెండు కిటికీలు కోయండి. మూత వైపు అడుగున రెండు అంగుళాలు సబ్బునీళ్ళు పోయండి. పైన లోపల, శానిటైజర్‌లో ముంచిన దూది వేలాడదీయండి. శానిటైజర్ కొనేటప్పుడు వెనక చదవండి, ఇథనాల్ అని ఉండాలి. ఐసోప్రొపైల్ అని ఉన్నది ఇంత బాగా పనిచేయదు. ఛాతీ ఎత్తులో కట్టి, రెండు మూడు రోజులకోసారి పురుగుల్ని టీ వడగట్టే జాలీతో తీసి, దూది మార్చండి.

రంధ్రం, పొడి కూడా రాతలే

పురుగు దొరక్కపోయినా అది వదిలిన గుర్తు దొరుకుతుంది. వెదురు బుట్ట కింద, కొత్త ఫర్నిచర్ కింద టాల్కం పౌడర్‌లా మెత్తని పొడి, ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు కనిపిస్తే అది లిక్టస్ అనే పెంకు పురుగుల గుంపు పని కావచ్చు. వడ్రంగులు చేవ అనే నల్లటి గట్టి భాగం జోలికి ఇవి పోవు, పిండిపదార్థం ఉన్న తెల్లచెక్కనే తింటాయి. పిండి ఎక్కువ ఉండబట్టే వెదురు తొందరగా పుచ్చిపోతుంది. వెదురులో ఎక్కువగా కనిపించేది డైనోడెరస్. చూడ్డానికి గుండుసూది రంధ్రంలా ఉండి, లోపలి గోడ నల్లగా మరక పడి ఉంటే ఆంబ్రోసియా పురుగు, ఆ నలుపు బూజుదే. ఒకవైపు చదునుగా, ఒకవైపు వంపుగా ఉన్న రంధ్రం బంగారు పురుగుల కుటుంబంలో చాలావాటిది. పెద్ద గుండ్రని, కోలటి రంధ్రాలు పొడవు మీసాలవి.

బెరడు ఊడదీస్తే కనిపించే సొరంగాల నమూనా అయితే ఒక్కో గుంపుకి ఒక్కోలా ఉంటుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. రూపాయి నాణెం వద్దు, నాణేల సైజులు మారుతూ వచ్చాయి.

ఫొటో, నమూనా, చీటీ

బతికున్న పురుగుని చల్లబరిస్తే కాసేపు కదలదు. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. పైనుంచి, పక్కనుంచి, ముఖం ఎదురుగా, వెల్లకిలా వేసి, మొత్తం నాలుగు ఫొటోలు. మీసాల కణుపులు, కాలి చివరలు స్పష్టంగా పడాలి. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్సు చాలు. బంగారు పురుగులకి ఫ్లాష్ కొడితే తెల్లటి మరక తప్ప ఏమీ పడదు. ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి.

ఒక్కో జాతిలో ఒకటి రెండు నమూనాలు మాత్రమే ఉంచుకుని, మిగతావాటిని దొరికిన చోటే వదిలేయండి. ఫొటోతో తేలని జాతులు చాలా ఉన్నాయి, కాబట్టి ఆ ఒకటి రెండు అవసరం. గట్టి మూతున్న డబ్బాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో రెండు రోజులుంచితే చాలు. పెద్దవాటికి కుడి పెంకు రెక్క ముందు భాగంలో సూది గుచ్చాలి, రెండు రెక్కల మధ్య గీతలో కాదు. బట్టలు కుట్టే సూదులు తుప్పు పడతాయి, కీటకాలకే వాడే స్టీలు సూదులు కొనుక్కోండి. చిన్నవాటిని అట్టముక్క కొనకి జిగురుతో అంటించండి, లేదా 70 శాతం ఆల్కహాల్‌లో దాచండి. మన వానాకాలం తేమకి బూజు ఖాయం. పెట్టెలో సిలికా జెల్ వేసి నెలకోసారి మార్చండి.

చీటీ ఇలా ఉండాలి:

భారత్, కర్ణాటక, బెంగళూరు, జయనగర్, 12.93 ఉ., 77.58 తూ., సుమారు 900 మీ.
కొమ్మ తెచ్చింది 4-5-2024, పురుగు వచ్చింది 19-7-2024
కానుగ, పొంగామియా పిన్నాటా, ఎండుకొమ్మ, లావు 4 సెం.మీ., డబ్బా 7
సేకరించినవారి పేరు

ఈ నాలుగు వరుసలు లేని పురుగు ఎంత అందమైనదైనా పెట్టెలో అలంకారమే. చీటీ ఉన్న సగం విరిగిన పురుగు అంతకన్నా విలువైనది.

పేరు ఎంతవరకు పెట్టవచ్చు

కుటుంబం వరకు మీరే తేల్చగలరు. పొడవు మీసాలవాటిలో ముఖం నిట్టనిలువుగా కిందికి ఉంటే లామినే ఉపకుటుంబం అని కూడా తెలుసుకోవచ్చు. ఆపైన తొందరపడొద్దు. 1906లో చార్లెస్ గాహన్ బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ఈ కుటుంబం మీద రాసిన సంపుటం ఇప్పటికీ పనికొస్తుంది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే అందులోని పేర్లు చాలా మారిపోయాయి. దాని ద్వారా పెట్టిన పేరుని ఇప్పటి జాబితాతో సరిచూసుకోవాలి.

తేలని పురుగుకి సైనోగ్జైలాన్ జాతి 2 అని పేరు పెట్టి ముందుకు సాగండి. తప్పు పేరు వంద చోట్లకి పాకుతుంది, తాత్కాలిక పేరు ఎవరికీ హాని చేయదు.

మన అదృష్టం ఏమిటంటే ఈ విషయం తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. హెబ్బాళ్‌లో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది. జీకేవీకే ప్రాంగణంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటక విభాగం, దాని నమూనాల సేకరణ ఉన్నాయి. మల్లేశ్వరంలో కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది. ముందు ఈమెయిల్ రాసి, ఫొటోలు, చీటీ వివరాలు జతచేసి, సమయం అడిగి వెళ్ళండి. చీటీలు పక్కాగా ఉన్నవాళ్ళ మాట వింటారని నా అనుభవం. నమూనాని విదేశాల్లోని నిపుణుడికి పోస్టులో పంపాలనిపిస్తుంది. అది మాత్రం చేయకండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతులు కావాలి. వన్యప్రాణి చట్టం జాబితాల్లో ఉన్న జాతుల్ని సేకరించడమే నేరం, కాబట్టి ఆ జాబితా కూడా ముందే ఒకసారి చూసుకోండి.

లెక్క రాయడం

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పురుగుకి ఒక వరుస. చీటీ మీద ఉన్నవన్నీ విడివిడి గడుల్లో రాయండి. ఏ పద్ధతిలో దొరికిందో తప్పనిసరి: డబ్బా, లైటు, గొడుగు, సీసా. నెలకి ఒకే రాత్రి, ఒకే చోట, అదే బల్బుతో, అన్నే గంటలు కూర్చుంటే పన్నెండు నెలల్ని పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఒక నెల ఐదు గంటలు, ఇంకో నెల అరగంట కూర్చుంటే పురుగులు పెరిగాయా, మీ ఓపిక పెరిగిందా అన్నది ఎవరూ చెప్పలేరు. ఏమీ రాని రాత్రికి కూడా సున్నా అని ఒక వరుస రాయండి.

ఫొటోలని ఐన్యాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లలో ఏదో ఒకదాంట్లో పెట్టండి. వివరాల దగ్గర చెట్టు పేరు, డబ్బాలోంచి వచ్చిందన్న సంగతి రాయడం మరిచిపోకండి. తేదీ విషయంలో చాలామంది పొరబడతారు: కొమ్మ తెచ్చిన రోజు వేరు, పురుగు వచ్చిన రోజు వేరు, రెండూ ఉండాలి. గంధపు చెట్టు మీద దొరికితే ఖచ్చితమైన చోటుని బయటపెట్టకండి, లొకేషన్ దాచే సెట్టింగ్ వాడండి. గంధాన్ని తొలిచే అరిస్టోబియా పురుగు వివరాలు పరిశోధకులకి అవసరమే, కానీ ఆ చెట్టు అడ్రసు దొంగలకి చేరకూడదు. పూర్తి వివరాలు మీ స్ప్రెడ్‌షీట్‌లో ఉంటాయి, అడిగిన శాస్త్రవేత్తకి ఇవ్వవచ్చు.

రెండేళ్ళయ్యాక డబ్బా ఖాళీ చేసే రోజు వస్తుంది. కొమ్మల్ని అలాగే పారేయకండి. ఒక్కో ముక్క బెరడు తీసి, నిలువునా చీల్చి చూడండి. బయటికి రాలేక లోపలే చనిపోయిన పురుగులుంటాయి, తలలు దొరికినా చాలు, వాటికీ చీటీ రాయండి. సొరంగాల ఫొటోలు తీయండి. బతికున్న లార్వా కనిపిస్తే ఆ ముక్కని తాడుతో కట్టి తిరిగి డబ్బాలో పెట్టండి. మిగిలిన కొయ్యని నల్ల ప్లాస్టిక్ సంచిలో బిగించి, నెల రోజులు టెర్రస్ మీద ఎండలో ఉంచి, తర్వాత పారేయండి. డబ్బా కడిగి, పాత నంబరు చెరిపి, కొత్తది రాయండి.